వేటకుక్క పిల్లకి మొదటి ఏడాది: న్యూజిలాండ్ పంది వేట గురించి మనవాళ్ళతో

అందరికీ నమస్కారం. ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి, చాలాసేపు మాట్లాడతాను.

ఇక్కడ న్యూజిలాండ్‌లో, వైకాటో ప్రాంతంలోనూ, కిందికి కింగ్ కంట్రీ వైపూ డెయిరీల్లో, గొర్రెల ఫారాల్లో పనిచేసే మన కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. ఫారం యజమానో, షెడ్డులో తోటి పనివాడో ఒక శనివారం పంది వేటకి రమ్మంటాడు, వెళ్తారు, ఇంకోసారి వెళ్తారు, మూడోసారికి ఆయనే ఒక కుక్కపిల్లని చేతిలో పెట్టేస్తాడు. ఇంటికి తెచ్చాక ఫోన్ చేస్తారు: "అన్నా, దీనికి పందిని పట్టడం ఎలా నేర్పాలి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కాబట్టే ఈ రోజు కూర్చుని మాట్లాడుకుందామన్నారు.

ముందు ఒక విషయం గట్టిగా చెప్పేస్తాను. ఇదంతా ఈ దేశం సంగతి. మన ఊళ్ళో అన్నదమ్ములకి ఈ వీడియోలు పంపి "మీరూ చెయ్యండి" అనకండి. అక్కడ అడవి పందికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, పట్టడం, ఉచ్చు వెయ్యడం, ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. వేరుశనగ, మొక్కజొన్న వేసినవాళ్ళ బాధ నాకు తెలుసు, రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టిన ఇళ్ళ నుంచే మనం వచ్చాం. అయినా దానికి దారి అధికారుల అనుమతితోనే. పందుల కోసమని కరెంటు తీగలు పెట్టి మనుషులే చచ్చిపోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఇక్కడ పరిస్థితి వేరు. గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదం ఏదీ ఈ దీవులకి సొంతం కాదు. పందులు 18వ శతాబ్దం చివర ఓడల్లో వచ్చాయి, 1769లో ఫ్రెంచి నావికుడు ద సుర్‌విల్, 1773లో కెప్టెన్ కుక్ తెచ్చి వదిలారు. అడవిలో వేళ్ళూ వానపాములూ పెకలిస్తాయి, నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు తింటాయి, ఇక్కడ మాత్రమే ఉండే పెద్ద నత్తలని తింటాయి, గొర్రెలు ఈనే కాలంలో అప్పుడే పుట్టిన పిల్లల్ని కూడా వదలవు. అందుకే ఇక్కడి చట్టమే వాటిని అదుపు చెయ్యాలంటుంది. ప్రభుత్వ సంరక్షణ భూముల్లో వేటాడాలంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ పర్మిట్ కావాలి, ఇక్కడ అందరూ డాక్ అంటారు కదా, వాళ్ళది. కుక్కల్ని తీసుకెళ్ళొచ్చా లేదా అన్నది కూడా ఆ పర్మిట్‌లోనే ఉంటుంది. ప్రైవేటు భూమి అయితే యజమాని అనుమతి. ఆ రెండూ లేకుండా ట్రక్కు ఎక్కొద్దు.

సరే, కుక్కపిల్ల దగ్గరికి వద్దాం. నేను చెప్పాలనుకున్నది ఒకటే. పందిని వెతకాలన్న ఆశ, వెంటపడే తెగువ, ఇవి తల్లీ తండ్రీ ఇచ్చి పంపిస్తారు. మనం నేర్పాల్సింది మిగతావన్నీ. దేని జోలికి వెళ్ళకూడదు, పిలిస్తే ఎలా రావాలి, ట్రక్కులో ఎలా ఉండాలి, ఎప్పుడు వదిలెయ్యాలి. మొదటి ఏడాది మొత్తం దీనికే పోతుంది, పోవాలి కూడా. మన కుర్రాళ్ళు మాత్రం ఐదు నెలల పిల్లని తీసుకెళ్ళి మగపంది ముందు వదిలి, అది భయపడి కాళ్ళ మధ్యకి వచ్చిందని "ఇది పనికిరాదు" అంటున్నారు. ఐదు నెలలకి దానికి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తుంటాయి నాయనా, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి, ఎముకల చివర్లు ఇంకా ముదరలేదు. అది పసిది.

ఎలాంటి పిల్ల కావాలో ముందే తేల్చుకోండి. ఇక్కడి వేటగాళ్ళు మాట్లాడుకునేప్పుడు మూడు రకాల పనులు వినిపిస్తాయి. ఫైండర్ అంటే వెతికేది, గాలిలో వాసన పట్టో, నేల మీద జాడ పట్టో పందిని కనిపెడుతుంది. బెయిలర్ అంటే పంది ముందు నిలబడి మొరుగుతూ దాన్ని కదలకుండా ఆపేది, మనం చేరుకునేదాకా. హోల్డర్ అంటే చెవి పట్టుకుని ఆపేది. ఒకే కుక్క రెండు పనులు చెయ్యొచ్చు, కానీ మొదటిసారి పెంచేవాళ్ళకి నా సలహా, వెతికి మొరిగే రకం తీసుకోండి. పట్టే రకం ఎక్కువ దెబ్బలు తింటుంది, దాన్ని అదుపులో పెట్టడానికి అనుభవం కావాలి. జాతి పేర్ల గురించి ఎక్కువ బెంగ పెట్టుకోవద్దు. ఇక్కడి వేటకుక్కలు చాలావరకు కలగలుపువే, హంటవే, హెడింగ్ డాగ్, బుల్ టెర్రియర్, మాస్టిఫ్, ఎయిర్‌డేల్, వీటిలో ఏదో ఒకదాని పాలు కలిసి ఉంటుంది. హంటవే గురించి మీకు తెలుసు, గొర్రెల్ని అరుపుతో తోలే ఈ దేశపు కుక్క, ఆ గొంతు వేటలో పనికొస్తుంది. జాతి కన్నా తల్లిని చూడండి. తల్లి పనిచేసే కుక్క అయితే, మనుషుల దగ్గర నెమ్మదిగా ఉంటే, గొర్రెల మధ్య నుంచి తల తిప్పకుండా నడిస్తే, ఆ ఈతలోంచి తెచ్చుకోండి.

ఎనిమిది వారాలకి ఇంటికి వస్తుంది. అక్కడి నుంచి నాలుగో నెల దాకా దాని బుర్ర తెరిచి ఉంటుంది, చూసిందల్లా మామూలే అనుకుంటుంది. ఆ రోజుల్లో ట్రక్కు వెనక బోనులో కూర్చోవడం, ఇంజను చప్పుడు, వాగు దాటడం, ముళ్ళ గోర్స్ పొదల్లో దూరడం, దూరం నుంచి తుపాకీ చప్పుడు, పిల్లలు, పెద్దవాళ్ళు, పాలషెడ్డు, అన్నీ చూపించండి. టీకాలు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి, పార్వో అనే వైరస్ జబ్బు ఇక్కడ కూడా చంపుతుంది. ఎత్తుకుని తిప్పండి, బరువేం కాదు. మూడు నెలలకల్లా కౌన్సిల్లో రిజిస్టర్ చేయించాలి, అది చట్టం.

తర్వాత గొర్రెలు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ దేశంలో వేటకుక్క బతుకు గొర్రెల మీదే ఆధారపడి ఉంది. 1996 డాగ్ కంట్రోల్ చట్టం ప్రకారం పశువుల మీద దాడి చేస్తున్న కుక్కని రైతు అక్కడికక్కడే కాల్చెయ్యొచ్చు. కాల్చాక మీరు గొడవపడి లాభం లేదు, పైగా చచ్చిన గొర్రెలకి డబ్బు మీరే కట్టాలి. ఆ తర్వాత ఆ లోయలో ఏ రైతూ మిమ్మల్నే కాదు, మీ ముఖంతో ఉన్న ఎవర్నీ గేటు లోపలికి రానివ్వడు. కొత్తగా వచ్చినవాళ్ళం, మన మీద ఇంకాస్త కళ్ళు ఉంటాయి. అందుకని చెప్తున్నాను.

పిల్లకి మూడు నెలలప్పుడే మొదలుపెట్టండి. తాడు కట్టి, కంచె బయట నుంచి, గొర్రెలకి దూరంగా నడిపించండి. గొర్రెల వైపు చూసి మళ్ళీ మీ వైపు తిరిగిందా, వెంటనే ఒక ముక్క మాంసం నోట్లో పెట్టండి. చూస్తూ బిగుసుకుపోయిందా, మీరు మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం, ఇంకాస్త దూరం జరగండి. రోజూ పది నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ దూరం తగ్గించండి, కంచె లోపలికి రండి, మంద మధ్యలోంచి నడవండి, గొర్రెలు పరిగెత్తేటప్పుడు నడవండి. పరిగెత్తే గొర్రె అసలు పరీక్ష, నిలబడ్డ గొర్రెని ఏ కుక్కయినా వదిలేస్తుంది. గొర్రెలే కాదు, మేకలు, దూడలు, కోళ్ళు, గుర్రాలు, అన్నిటితోనూ ఇదే పని. కొందరు పిల్లని పొట్టేలుతో ఒకే గదిలో పడేసి, నాలుగు కుమ్ములు తింటే అదే నేర్చుకుంటుందంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. పక్కటెముకలు విరిగే ప్రమాదం ఒకటి, మీ మీద నమ్మకం పోవడం రెండోది.

పిలిస్తే రావడం కూడా అప్పుడే. ఈల ఒకటి మెడలో వేసుకోండి, తిండి పెట్టేముందు ప్రతిసారీ ఈల వెయ్యండి. పొడుగు తాడు, పది మీటర్లది, ఈడ్చుకుంటూ తిరగనివ్వండి, ఈల వేశాక రాకపోతే తాడు మెల్లగా లాక్కురండి, వచ్చాక మెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా వచ్చాక కొట్టకూడదు. కొడితే దానికి అర్థమయ్యేది ఒకటే, ఈయన దగ్గరికి వెళ్తే దెబ్బలు పడతాయని. పిలవగానే వచ్చినప్పుడల్లా తాడు కట్టేసి ఇంటికి తీసుకెళ్ళినా అంతే, రావడం అంటే ఆట అయిపోవడం అనుకుంటుంది. పది సార్లు పిలిస్తే తొమ్మిది సార్లు ముద్దు చేసి మళ్ళీ వదిలెయ్యండి.

(సభలోంచి ప్రశ్న: కరెంటు కాలర్ వాడొచ్చా అన్నా?)

వాడొచ్చా అంటే ఇక్కడ అమ్ముతారు, వాడతారు. పిలిస్తే రావడం నేర్పడానికి నేను వాడను, మీకూ చెప్పను. అర సెకను అటూ ఇటూ అయితే కుక్క తప్పు పాఠం నేర్చుకుంటుంది, షాక్ తగిలిన క్షణంలో మిమ్మల్నే చూస్తుంటే మీరంటేనే భయపడుతుంది. ఒక్క చోట మాత్రం దాని అవసరం ఉందని ఒప్పుకుంటాను. దాని దగ్గరికే వస్తున్నాను, కివీ.

కివీ పక్షికి ఎగిరే పక్షుల్లో ఉండే గట్టి రొమ్ముఎముక గట్టు ఉండదు. ఛాతీ మీద రక్షణ లేదు. కుక్క చంపాలనుకోనక్కర్లేదు, ఆడుకుంటూ నోట పట్టుకుంటే చాలు, పోతుంది. పైగా దానికి ఘాటైన వాసన, కుక్కలకి అది చాలా ఇష్టం. 1987లో నార్త్‌ల్యాండ్‌లోని వైటాంగి అడవిలో ఒక్క జర్మన్ షెపర్డ్ కొన్ని వారాల్లో చేసిన పని ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. పరిశోధకులు ట్రాన్స్‌మిటర్లు పెట్టిన 24 కివీల్లో 13 చచ్చిపోయాయి, దాన్ని బట్టి ఆ అడవిలో ఉన్న సుమారు 900 కివీల్లో 500 దాకా పోయి ఉంటాయని లెక్క వేశారు. ఒక్క కుక్క. దాన్ని కాల్చాకే ఆగింది. 30, 40 ఏళ్ళు బతకగల పక్షి నార్త్‌ల్యాండ్‌లో సగటున 14 ఏళ్ళే బతుకుతోందంటే ప్రధాన కారణం కుక్కలే. ఇక్కడి ఆదివాసులైన మావోరీలకి ఇది తాతల నాటి సంపద, ఈ దేశపు మనుషులు తమని తాము ఆ పేరుతోనే పిలుచుకుంటారు. మనం వీళ్ళ గడ్డ మీద బతుకుతూ మన కుక్క వల్ల ఒక్క కివీ పోయినా నాకు తల ఎత్తుకోబుద్ధి కాదు.

అందుకే కివీ తప్పించే శిక్షణ అని ఒకటి ఉంది. డాక్ గుర్తించిన శిక్షకులు చేస్తారు. చచ్చిన కివీని, ఈకల్ని, రెట్టని, బొమ్మ కివీని దారిలో పెడతారు, కుక్కకి కాలర్ వేసి నడిపిస్తారు, అది వెళ్ళి వాసన చూసిన క్షణంలో షాక్ ఇస్తారు. చాలా కుక్కలు ఆ తర్వాత ఆ వాసన వస్తే చుట్టూ తిరిగి పోతాయి. శిక్షకుడికి అది అలవాటైన చెయ్యి, క్షణం తప్పదు, అందుకే దీన్ని ఒప్పుకుంటానన్నాను. పాసయితే సర్టిఫికెట్ ఇస్తారు, దానికి గడువు ఉంటుంది, మళ్ళీ పరీక్ష చేయించాలి. కివీలుండే చాలా చోట్ల ఈ సర్టిఫికెట్ లేనిదే వేటకుక్కకి పర్మిట్ రాదు. అయితే సర్టిఫికెట్ ఉంది కదా అని కుక్కని రాత్రిపూట వదిలేస్తే కుదరదు. శిక్షణ ప్రమాదాన్ని తగ్గిస్తుందే గానీ పోగొట్టదని వాళ్ళే చెప్తారు. వేట అయ్యాక ప్రతి కుక్కా ట్రక్కులోకి ఎక్కిందా లేదా లెక్క చూసుకోవాలి, తప్పిపోయిన వేటకుక్క ఆకలితో అడవిలో ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పంది. ఆరేడు నెలలకి వాసన ఆటలు మొదలుపెట్టొచ్చు. మీ స్నేహితుడు పందిని కొట్టినప్పుడు ఒక కాలిగిట్టో, తోలుముక్కో అడిగి తెచ్చుకుని ఫ్రీజర్లో పెట్టుకోండి. దాన్ని తాడుకి కట్టి గడ్డిలో ఈడ్చి, చివర్లో పొద వెనక దాచండి. మొదట యాభై అడుగులు, తిన్నగా. తర్వాత మలుపులు, తర్వాత వాగు దాటించండి, తర్వాత పొద్దున ఈడ్చిన దారిని మధ్యాహ్నం వెతికించండి. దొరికాక గోల గోలగా మెచ్చుకోండి, కాసేపు దాన్ని లాగనివ్వండి, తర్వాత "వదులు" అని తీసేసుకోండి. ఆ వదలడం కూడా పాఠమే, రేపు నిజం పంది దగ్గర మీరు కత్తితోనో తుపాకీతోనో దగ్గరికి వచ్చినప్పుడు కుక్క మీ మాటకి పక్కకి రావాలి. పట్టిన పందిని కట్టేసో, దొడ్లో పెట్టో కుక్కపిల్లల్ని ఉసిగొల్పి నేర్పేవాళ్ళున్నారని వింటుంటాం. అటువైపు వెళ్ళకండి. అది పందిని హింసించడం, కుక్కకి కూడా అందులో వెతకడం రాదు, కరవడమే వస్తుంది.

ఏడాది దగ్గరపడ్డాక ఒక పెద్ద కుక్కతో పంపండి. పెద్ద కుక్క అంటే నెమ్మదైనది, గొర్రెల జోలికి, జింకల జోలికి పోనిది. పిల్ల దాన్నే చూసి నేర్చుకుంటుంది, మంచీ చెడూ రెండూ. పెద్దది జింక వెంట పరిగెత్తితే ఆ ఒక్క రోజుతో పిల్ల కూడా పాడవుతుంది. చిన్న పందులున్న చోటుకి, చల్లటి పూట, కొద్దిసేపు వెళ్ళండి. పిల్ల దూరంగా నిలబడి మొరిగితే చాలు, పొంగిపోండి. తోసి ముందుకి పంపొద్దు. మగపంది కింది కోరలు పై పళ్ళకి రాసుకుని ఎప్పుడూ పదునుగానే ఉంటాయి, ఒక్కసారి తల విదిలిస్తే కుక్క పొట్ట తెగుతుంది. మొదట్లోనే అలాంటి దెబ్బ తిన్న పిల్ల బతికినా చాలాసార్లు మళ్ళీ పంది దగ్గరికి వెళ్ళదు, లేదా కోపంతో ఒళ్ళు తెలియకుండా మీద పడుతుంది. రెండూ నష్టమే.

మెడకీ ఛాతీకీ రక్షణ కవచాలు అమ్ముతారు, వేసుకోవడం కుక్కకి ముందే ఇంట్లో అలవాటు చెయ్యండి. జీపీఎస్ కాలర్ తప్పనిసరి అనుకోండి, ఖరీదే, కానీ లోయ అవతల కుక్క మొరుగుతుంటే ఏ దిక్కో చెవికి తెలియదు. వేడి గురించి మాత్రం మరిచిపోకండి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చడమే దారి. మామూలు ఒంటి వేడి 38, 39 డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. తూలుతూ, జొల్లు కారుస్తూ, చిగుళ్ళు ఎర్రగా అయిపోతే వేట ఆపేసి నీళ్ళలో తడిపి గాలి తగిలేలా చేసి వెట్ దగ్గరికి, అంటే పశువుల డాక్టర్ దగ్గరికి, పరుగెత్తాలి. కోర గాయం పైకి చిన్న రంధ్రంలా కనిపిస్తుంది, లోపల చర్మం కండ నుంచి ఊడి చీము పడుతుంది, కాబట్టి చిన్నదే కదా అని వదిలెయ్యకండి. మన ఇంట్లో వాడే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకి అస్సలు వెయ్యొద్దు, అవి దానికి విషం.

విషం అన్నాను కాబట్టి 1080 సంగతి. పాసమ్‌లని, అంటే చెట్లెక్కే ఆ చిన్న జంతువుల్ని, ఎలుకల్ని చంపడానికి అడవుల్లో వేసే మందు. కుక్కలకి అది చాలా చిన్న మోతాదులోనే ప్రాణాంతకం, విరుగుడు లేదు. మందు తిని చచ్చిన పాసమ్ కళేబరం కుళ్ళిపోయేదాకా, నెలల తరబడి, ప్రమాదమే. దారి మొదట్లో హెచ్చరిక బోర్డులుంటాయి, డాక్ ఏ ప్రాంతంలో వేశారో సమాచారం పెడుతుంది, ముందే చూసుకోండి. కళేబరాలు తినకపోవడం చిన్నప్పటి నుంచే నేర్పండి, అనుమానం ఉన్న చోట మూతికి చిక్కం వెయ్యండి, ఇంకా మంచిది, అటు వెళ్ళకండి.

రైతులు అడిగే ఇంకొకటి, నులిపురుగుల మందు. కుక్క పచ్చి గొర్రె మాంసం తింటే దానికి బద్దెపురుగు వస్తుంది, ఆ పురుగు గుడ్లు కుక్క మలంతో పచ్చికలో పడి గొర్రెల కండల్లో గడ్డలు లేస్తాయి, కబేళాలో ఆ మాంసం పారేస్తారు. మనిషికి రాదు గానీ రైతుకి నష్టం. నెలనెలా ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు వెయ్యండి, గొర్రె మాంసం పెట్టాలంటే ఉడికించండి, లేదా మైనస్ 10 డిగ్రీల్లో 10 రోజులు గడ్డకట్టించాక పెట్టండి. పంది తలలు, పేగులు దారి పక్కన పారెయ్యడం కూడా మానండి, పందికి క్షయ ఉంటే ఆ తలల్ని తిన్న ఫెరెట్‌ల, అంటే ముంగిసలాంటి చిన్న జంతువుల, ద్వారా అది కొత్త చోట్లకి పాకి ఆవులదాకా వస్తుంది, డెయిరీలో పనిచేసేవాళ్ళకి దాని అర్థం నేను చెప్పక్కర్లేదు. కోసేప్పుడు గ్లవ్స్ వేసుకోండి, మన దగ్గర ఎలుక జ్వరం అంటామే, లెప్టో, అది పందుల నుంచి కూడా వస్తుంది. కుక్కకీ దాని టీకా ఉంది.

(సభలోంచి ప్రశ్న: అన్నీ చేశాక కూడా కుక్కకి వేట ఇష్టం లేకపోతే?)

అలాంటివి ఉంటాయమ్మా. రెండేళ్ళ దాకా ఆగండి, కొన్ని ఆలస్యంగా అందుకుంటాయి. అప్పటికీ ఆసక్తి లేకపోతే బలవంతం వద్దు. గొర్రెల మధ్య నెమ్మదిగా ఉండి, పిలిస్తే వచ్చే కుక్కని ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా సంతోషంగా తీసుకుంటారు, ఫారం మీద కాపలాకి ఉంచుకుంటారు. రోడ్డు మీద మాత్రం వదలకండి, అది నేరం, పైగా తిండి లేని కుక్క గొర్రెల మీదో కివీ మీదో పడుతుంది.

(ఇంకో ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇలాంటి కుక్కని ఉంచొచ్చా?)

ఉంచొచ్చు. పందిని తరిమే కుక్క మనుషుల్ని కరవాలని ఏం లేదు, మంచి వేటకుక్కలు ఇంట్లో చాలా మెత్తగా ఉంటాయి. కానీ ఏ కుక్కనైనా పసిపిల్లలతో ఒంటరిగా వదలకండి. తిండి గిన్నె దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి, వేట నుంచి వచ్చి అలిసిపోయి, గాయాలతో పడుకున్న కుక్క మీద ఎక్కి ఆడనివ్వకండి. దానికి కంచె ఉన్న సొంత చోటు, వాన తగలని గూడు ఉండాలి. వచ్చే శనివారం కుక్కపిల్లలున్నవాళ్ళు వాటిని తీసుకుని పొద్దున్నే మా ఫారానికి రండి, యజమానిని అడిగాను, గొర్రెల కంచె బయట నడిపించడానికి ఒప్పుకున్నాడు. తాళ్ళు మీరే తెచ్చుకోండి, నులిపురుగుల మందు వేసిన చీటీ కూడా.